నాలుగో నంబర్ సిస్టమ్‌లో ముప్పై అయిదు నిమిషాలు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి వెనక గదిలో ఏదో చప్పుడవుతోందని అమ్మ భయపడితే, స్టూలు వేసుకుని ఎక్కి, రేకుకు కొట్టిన మేకు ఊడిందని చూపించాను. అప్పుడు ఎనిమిదో తరగతి. నా పద్ధతి అప్పటి నుంచీ అదే. ముందు మేకు వెతకాలి.

ఈ సంగతిలో చాలా ఏళ్లుగా వెతుకుతున్నాను. దొరకలేదు.

2006లో వనపర్తిలో ఒక యూనివర్సిటీ పీజీ సెంటర్‌లో ఎంసీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఊరి చివర అద్దె బిల్డింగులో మా హాస్టల్. కింది అంతస్తులో మూల గదిలో ఆరు కంప్యూటర్లు, వాటన్నిటికీ కలిపి ఒకే ఒక ఇంటర్నెట్ లైను. కంప్యూటర్‌ని మేమందరం సిస్టమ్ అనేవాళ్లం. ఒకటి నుంచి ఆరు దాకా వాటి నంబర్లను ఒక్కో కుర్చీ వెనక గోడకు అంటించాను. ఏడోది సర్వర్. ఆరింటిలో ఎవరు ఏ పేజీ అడిగినా దాని గుండానే పోవాలి. ఎవరి ఐడీ, ఏ సిస్టమ్, ఎన్ని గంటలకు, ఏ సైటు, ఇవన్నీ అది ఒక ఫైల్‌లో వరుసగా రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. ఆ సర్వర్‌ని ఏర్పాటు చేసింది నేనే. హాస్టల్‌కి నన్ను నెట్‌వర్క్ ఇన్‌చార్జిని చేశారు.

తలుపు మీది రూల్స్ కూడా నేనే టైపు చేశాను. నెట్ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకే. ఒకరికి రోజుకు ఒక గంట. చాటింగ్, వీడియోలు నిషేధం. బయటివాళ్లు గదిలోకి రాకూడదు. ఒక ఐడీతో ఏం జరిగినా బాధ్యత ఆ ఐడీ ఉన్నవాడిదే. మొదటి తప్పుకు వార్నింగ్, రెండో తప్పుకు హాస్టల్ సీటు రద్దు.

ఇందులో అయిదోది వార్డెన్ చెప్పింది కాదు. నేను కలిపింది. "మా ఐడీతో ఇంకెవరో చేశారని తప్పించుకుంటారు సార్, ఇది ఉండాలి" అన్నాను. వార్డెన్ రాములు సార్ మెచ్చుకున్నారు.

రాములు సార్ లెక్కలు చెప్పేవారు. పాస్‌వర్డుల మీద ఆయనకు నమ్మకం లేదు. ఎనిమిది కొట్టగానే వచ్చి, మోడెమ్‌కీ సర్వర్‌కీ మధ్య ఉన్న నీలం కేబుల్‌ని పీకి, చుట్ట చుట్టి, టిఫిన్ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లేవారు. మరునాడు సాయంత్రం అయిదుకు తెచ్చి మళ్లీ తగిలించేవారు. "సార్ నెట్టును డబ్బాల పెట్టుకపోతుండురా, ఇంట్ల అన్నంల కలుపుకుంటడేమో" అని పిల్లలు నవ్వుకునేవాళ్లు. సార్ విని కూడా మానలేదు.

నా రూమ్మేట్ ఖాజాది రాజోలి. వాళ్ల నాన్న హుసేన్ సాబ్ చీరలు నేసేవాడు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, కుడి కన్ను మసకబారుతోంది. పెద్దకొడుకు జహంగీర్ గల్ఫ్‌లో పనికి పోయి నాలుగేళ్లయింది, ఒక్కసారీ రాలేదు. కర్నూలు కంటి దవాఖానలో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. ఆశ తక్కువేననీ, చెయ్యకపోతే అసలే ఉండదనీ డాక్టర్లు చెప్పారట. ఆ లోపల పెద్దకొడుకును ఒక్కసారి చూసుకోవాలని ఆయన కోరిక.

ఖాజా గద్వాలలో కంప్యూటర్‌కు తగిలించే ఒక చిన్న కెమెరా కొన్నాడు. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఒక సాయంత్రం, తనకున్న గంటలో, వాళ్ల నాన్నను నాలుగో నంబర్ సిస్టమ్ ముందు కూర్చోబెట్టాడు. నేను అడ్డుకున్న చాట్ సైటుకి ఇంకో దారి కూడా కనిపెట్టాడు. అవతల జహంగీర్ ముఖం వచ్చింది. ముసలాయన తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు.

అయిదు నిమిషాలు కాలేదు, రాములు సార్ వచ్చారు.

"ఎవరు పెద్దాయనా మీరు? లెవ్వుండ్రి" అన్నారు.

"జర ఆగుండ్రి సార్, మా పెద్దోడు. ఇంక మొకం సరిగ సూడనే లేదు" అన్నాడు హుసేన్ సాబ్, తెర మీద నుంచి తల తిప్పకుండానే.

సార్ స్విచ్ ఆపేశారు. కెమెరా తీసుకుని తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఖాజాకు మొదటి వార్నింగ్. ఆ కాగితం కూడా నేనే టైపు చేశాను. "పోనీతియ్ బేటా, కన్ను బాగయినంక సూస్త" అంటూ ఆయన ఖాజా భుజం పట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు.

ఆపరేషన్ గురువారం. ఖాజా బుధవారమే సెలవు పెట్టి కర్నూలు వెళ్లాడు.

ప్రతి శుక్రవారం ఆ వారం రూల్స్ తప్పినవాళ్ల లిస్టును సర్వర్ దానంతటదే తయారు చేసేది. నేను ప్రింట్ తీసి వార్డెన్‌కి ఇచ్చేవాణ్ణి. చదవకుండానే ఇచ్చేవాణ్ణి. మనిషి చెయ్యి పడని లిస్టు అని నా గర్వం. ఆ శుక్రవారం కూడా అలాగే ఇచ్చాను.

లిస్టులో ఒకే పేరు. ఖాజా ఐడీ, నాలుగో నంబర్ సిస్టమ్, గురువారం మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాల నుంచి మూడు నలభై వరకు, అదే చాట్ సైటు.

సోమవారం ఖాజా తిరిగి రాగానే డైరెక్టర్ సార్ పిలిపించారు. రాములు సార్, నేను, ఖాజా ఆయన టేబుల్ ముందు నిలబడ్డాం.

"పాస్‌వర్డ్ ఎవరికిచ్చినవ్?"

"ఎవరికియ్యలే సార్. ఆ దినం నేను కర్నూల్ల ఉన్న. మా నాయనకు ఆపరేషన్."

"నువ్వు యాడున్నవో నేనడుగుతలేను. అయిదో రూలు చదువు."

ఖాజా చదివాడు. నేను రాసిన వాక్యాన్ని వాడి గొంతులో విన్నాను.

డైరెక్టర్ సార్ నా వైపు తిరిగి "ఈ లాగ్ కరెక్టేనా?" అన్నారు. కరెక్టేనని చెప్పాను. కానీ ఆ సమయంలో కేబుల్ లేదు కదా సార్ అన్నాను. రాములు సార్ కూడా నిజమే చెప్పారు. "కేబుల్ నా సంచిల్నే ఉండె సార్. కెమెరా బీరువల్నే ఉంది. పొద్దున గూడ చూసిన."

"వైరు బజార్ల దొరకదా? కెమెరా దొరకదా? ఎవడో తెచ్చి పెట్టుకుండు. గది తాళం చెవి ఇంకోటి నీ దగ్గరుంటది, వీడు నీ దోస్తు. లిస్టు నువ్వే తెచ్చిచ్చినవ్ గనక నిన్ను ఒదిలిపెడుతున్న" అన్నారు నాతో.

ఆ గురువారం తాళం చెవి నా జేబులోనే ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా క్యాంపస్‌లో ల్యాబ్‌లో ఉన్నాను. ఇరవై ఎనిమిది మంది చూశారు. అదంతా చెప్పాను. చెప్తుంటే అది నన్ను కాపాడుతోంది తప్ప ఖాజాను కాదని నాకే తెలుస్తోంది.

సీటు రద్దయింది. వనపర్తిలో గది తీసుకుని ఉండే స్తోమత వాళ్లకు లేదు. రాజోలి నుంచి రోజూ వచ్చిపోయే దూరం కాదు. హాస్టల్ పోతే చదువు పోయినట్టే. అది మా ఇద్దరికీ తెలుసు. బస్టాండ్‌లో వాడి ట్రంకు పెట్టెను నేనే బస్సు పైకెక్కించాను.

"పరేషాన్ గాకు. నువ్వేం జేస్తవ్? మిషన్ రాసింది" అన్నాడు.

ఆ రాత్రి నుంచి నేను కారణాలు రాసుకుంటూ ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. సర్వర్ గడియారం తప్పా? ముందు వరుసలు, వెనక వరుసలు సరిగ్గా ఉన్నాయి. లాగ్‌ను ఎవరైనా మార్చారా? ఆ పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు. తాళం పగిలిందా? లేదు.

చివరికి సర్వర్ రాసుకునే ఇంకో ఫైల్ తెరిచాను. తాను ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మొదలైంది అన్నది అందులో ఉంటుంది. మొదటి రోజే చూడాల్సింది. ఆ వారం హాస్టల్ వైపు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కరెంటు కోత. మా యూపీఎస్ బ్యాటరీ వానాకాలం మొదట్లోనే పోయింది. గురువారం రెండు గంటలకు సర్వర్ ఆగిపోయింది. నాలుగు దాటాక రెండు నిమిషాలకు మళ్లీ లేచింది. మూడు గంటల అయిదు నిమిషాలకు అది నడవడం లేదు. నడవని సర్వర్ ముప్పై అయిదు నిమిషాల లాగ్ రాసింది.

రెండు ఫైళ్లూ ప్రింట్ తీసి డైరెక్టర్ సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన రెండూ ఓపికగానే చూశారు.

"అంటే నీ లాగ్ తప్పంటవ్. గట్లయితే ఇన్ని దినాలు నువ్విచ్చిన లిస్టులన్నీ తప్పేనా? ఎంతమందికి వార్నింగులిచ్చిన? అందర్ని పిలిచి మాఫీ అడగాల్నా?"

లాగ్ తప్పు కాదు సార్ అన్నాను. మరి ఒప్పా అన్నారు. ఒప్పు కూడా కాదన్నాను. ఫైల్ మూసేశారు.

రెండు వారాలకు గద్వాల మీదుగా రాజోలి వెళ్లాను. ఖాజా మగ్గం మీద ఉన్నాడు. హుసేన్ సాబ్ పక్కన చాప మీద నల్ల కళ్లద్దాలతో కూర్చున్నాడు. ఆపరేషన్ ఫలించలేదు. కుడి కన్ను కూడా పోయింది.

నా గొంతు విని చెయ్యి చాపాడు. "శేఖర్ బేటా, జహంగీర్ చెయ్యి ఎట్లుందో అడిగి చెప్పుమంటె వీడు ఇంటలేడు" అన్నాడు.

ఖాజా మగ్గం ఆపి చెప్పాడు. ఆపరేషన్ రోజు మధ్యాహ్నం కంటికి కట్టు కట్టి పడుకోబెట్టారట. ముసలాయన ఉన్నట్టుండి "పెద్దోని చెయ్యికి కట్టుందిరా, తెల్ల కట్టు, మోచెయ్యి దాక. నీలి అంగి ఏసుకుండు. నాకు లేపి సూపెడుతుండు" అన్నాడట. "మందు మత్తుల మాట్లాడుతుండు అనుకున్న. తన కట్టే మతిల పెట్టుకుని అంటుండు అనుకున్న" అన్నాడు ఖాజా.

ఎన్ని గంటలకని అడిగాను. నర్సు మూడు గంటల మాత్ర ఇచ్చి పోయిన వెంటనే, అన్నాడు.

నా ఫోన్ నుంచే జహంగీర్‌కు చేయించాను. చెయ్యి సంగతి ఎత్తగానే, ఎవరు చెప్పారని అడిగాడు. పనిలో కుడి చెయ్యి విరిగిందనీ, ఇంట్లో భయపడతారని ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు. ఆ గురువారం పని లేక నెట్ షాపులో కూర్చున్నాడట. అక్కడ పన్నెండు ముప్పై అయిదుకు చాట్‌లో ఖాజా పేరు వెలిగిందట. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. లెక్క వేసుకున్నాను. మూడు గంటల అయిదు నిమిషాలు.

"నాయననే కూసున్నడు తమ్మీ. టోపీ పెట్టుకుని. కండ్లకు కట్టు గిట్ట ఏం లేదు. మాటలు ఇనపడలే. నేను చెయ్యి లేపి, ఏం గాలే, బాగయితది అని సైగ జేసిన. దగ్గరికొచ్చి సూసిండు. శానసేపు అట్లనే సూసుకుంట కూసున్నడు. ఆపరేషన్ వాయిదా పడ్డదేమో, మీరే కూసోబెట్టిండ్రేమో అనుకున్న."

వెనక ఏం కనబడింది అని అడిగాను. గోడ, గోడకు అంటించిన 4 అంకె, అన్నాడు.

అన్నదమ్ములు కూడబలుక్కున్నారా అని కూడా ఆలోచించాను. కూడబలుక్కుని ఖాజా పోగొట్టుకున్నది తన చదువునే. పైగా ఎవరు కూడబలుక్కున్నా కరెంటు లేని సర్వర్ చేత రాయించలేరు.

లేచి వస్తుంటే హుసేన్ సాబ్ నా చెయ్యి వదల్లేదు.

"నాకు యాడ సూసినా సీకటే బేటా. ఆ గదిల మాత్రం సూసిన. నన్ను ఇంకొక్కపారి ఆ కుర్సీల కూసోబెట్టిస్తవా? ఎక్కువసేపొద్దు. వాని కట్టు ఇప్పిండ్రో లేదో సూసి లేస్త."

కుదరదని చెప్పలేకపోయాను. కుదురుతుందనీ చెప్పలేకపోయాను. అడిగి చూస్తానన్నాను.

నిజంగానే అడిగాను. అప్పటికి ఇన్‌చార్జి పని మానేసి తాళం చెవి ఇచ్చేశాను. రాములు సార్ నేను చెప్పిందంతా కుర్చీలో కదలకుండా విన్నారు. నమ్మారో లేదో తెలియదు. సొరుగులోంచి బయటివాళ్లను లోపలికి రానివ్వడానికి పెట్టుకునే దరఖాస్తు తీసి ఇచ్చారు. "నింపుకరా. సంతకం నేను పెడత. డైరెక్టర్ సార్ అడిగితే చూపెట్టనీకి కారణం మాత్రం సక్కగ రాయాలె" అన్నారు.

గదికి వచ్చి నింపాను. వచ్చే వ్యక్తి పేరు, ఊరు, ఎవరి తండ్రి, ఏ రోజు, ఎంతసేపు, అన్నీ రాశాను. కారణం అన్న గడి దగ్గర ఆగాను. ఇంటర్నెట్ వాడకానికి అని రాస్తే చూపు లేనివాడికి ఎందుకంటారు. కొడుకును చూడటానికి అని రాస్తే కొడుకు ఇక్కడ లేడంటారు. రెండు రకాలుగా రాసి రెండూ కొట్టేశాను. జరిగింది జరిగినట్టు రాద్దామంటే, ఏం జరిగిందో నాకే తెలియదు.

సెలవులకు ముందు రాములు సార్ ఒకసారి అడిగారు, దరఖాస్తు ఏమైందని. ఇంకా నింపుతున్నానన్నాను.