చుట్టమొస్తుండు

నిన్న సాయంత్రం ఎల్బీ నగర్ మీద ఆకాశం నల్లబడి, మట్టివాసన మా బాల్కనీ దాకా వచ్చింది. మనవరాలు ఇంకా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ నుంచి రాలేదు. దారిలో ఏ చెట్టు కింద నిలబడిందో, ఏ హోర్డింగు తన మీద పడుతుందో అని నాకు ఒకటే పరేషాన్.

ఆ వాసనకు నల్గొండ దిక్కున మా ఊరి కల్లం గుర్తొచ్చింది. కల్లంలో వడ్లు ఉన్నన్ని రోజులు ఇంట్లో ఎవరూ గాలిదుమారం అనే మాట అనకూడదు. అంటే దాన్ని పిలిచినట్టేనని నాయనమ్మ భయం. మబ్బు కమ్మితే, "చుట్టమొస్తుండు, లేవుండ్రి" అనేది. మేము తట్టలు, గోనెపట్టాలు పట్టుకుని ఉరికేవాళ్లం.

వడ్లు గుమ్మిలో పోశాక మాత్రం ఆమె నోటికి అడ్డు లేదు. ఉరికొచ్చే మేనత్త సుడిగాలి, ఏడుపు ఆపని తమ్ముడు ముసురు, కోపమొచ్చిన తాత గాలిదుమారం.

"అగో, దుమారమొచ్చింది. చెంబుల నీళ్లియ్యుండ్రి" అంటే తాత కూడా నవ్వేవాడు. మీ ఇళ్లలో కూడా ఇట్లా మాటలు దాచేవాళ్లా?

నాకు ఆ భయం ఇంకా పోలేదు. టీవీలో తుఫాను అని వినబడితే చానల్ మార్చేస్తాను. ఇంట్లో అందరూ నవ్వుతారు, మనవరాలు అందరికన్నా ఎక్కువ.

నిన్న నేను గేటు వైపే చూస్తూ కూర్చుంటే ఫోన్ మోగింది.

"అమ్మమ్మా, మెట్రో ఎక్కిన. పరేషాన్ గాకు. చుట్టమొస్తుండు, బాల్కనీల బట్టలు తియ్యి."

బట్టలు తీసి, ఇద్దరికీ చాయ్ పెట్టాను.