స్టూడియోలో స్నానం చేసిన కొంగ

వన్ టౌన్‌లో మా డాబా మీద వాలిన కొంగ పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ముతో నల్లబడి ఉంటే, అరువు కెమెరాతో ఫోటో తీశాను. ఆ దుమ్ము మీద మా వీధివాళ్లం వేస్తున్న కరపత్రానికి అదొక్కటే సాక్ష్యం. బొమ్మ మసగ్గా వచ్చిందని ఈ ఉదయం ద్వారకా నగర్‌లో పెళ్లి ఫోటోలు దిద్దే స్టూడియోలో కెమెరా కార్డు ఇచ్చి, కంప్యూటర్లో షార్ప్ చేయమన్నాను. సాయంత్రం వెళ్లేసరికి తెర మీద కొంగ మల్లెపువ్వులా మెరిసిపోతోంది. వెనక మా వాటర్ ట్యాంకు పోయి గులాబీ తోట మొలిచింది.

"మరకలేవయ్యా?" అని స్టూడియో అతని మీద అరిచాను.

"అన్నీ తీసేసేను బావ! పెళ్లికూతురి మొటిమలక్కూడా ఇంత కష్టపడనేదు."

"ఆ మరకల కోసమే కదా ఫోటో తీసింది! పాతది ఇచ్చెయ్."

"నీ కార్డులో పాతదాని మీదే సేవ్ సేసేసేను, అది పోయింది. అరుత్తావేటి బావ, ముక్కుకి లిప్‌స్టిక్ ఏసేను, సూసేవా?"

దుమ్మే లేదనే అధికారులు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇతనొక్కడే ఒక పూటలో చేసేశాడు. కరపత్రం రేపే అచ్చుకెళ్లాలి. తెల్లారగానే మళ్లీ డాబా ఎక్కుతాను. మీ డాబాల మీద నల్ల కొంగ వాలితే తోలకండి, దయచేసి నాకు కబురు పెట్టండి.