ఎండిన మోదుగలో వడ్రంగిపిట్టలు

ఎనభైల మధ్యలో ఓ ఏప్రిల్. కాలేజీకి సెలవులివ్వగానే తెనాలిలో సికింద్రాబాద్ రైలెక్కాను. "పిట్టల కోసం అంత దూరమా?" అని మా ఆవిడ సణిగింది. పాతికేళ్ళుగా జంతుశాస్త్రం చెబుతున్నవాణ్ణి, వడ్రంగిపిట్ట పిల్లల్ని ఒక్కసారీ చూడలేదు. ఈసారి ఎలాగైనా చూడాలనుకున్నాను.

ఫిబ్రవరిలో ఫిల్మ్‌నగర్‌లో మా బావగారి ఇంటి శంకుస్థాపనకి వెళ్ళాం. ఆయన సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. అందరూ భోజనాల్లో ఉండగా, స్థలం మూల ఎండిపోయిన మోదుగచెట్టుకి వడ్రంగిపిట్టల జంట తొర్ర తొలుస్తూ కనిపించింది. ఒకటి అలిసిపోతే రెండోది అందుకునేది. ఇంటికొచ్చి బావగారికి ఉత్తరం రాశాను: మీ స్థలంలో పిట్టలు గూడు పెట్టుకుంటున్నాయి, పచ్చని చెట్టు ఒక్కటీ కొట్టించకండి, వేసవిలో వస్తాను.

ఉదయం ఆరింటికి సికింద్రాబాద్‌లో దిగి, ఇడ్లీ తిని, జూబ్లీహిల్స్ వైపు సిటీబస్సెక్కాను. నా మెడలో బైనాక్యులర్స్ చూసి పక్కసీటు పెద్దాయన "షూటింగ్‌కా సార్?" అన్నాడు. పిట్టలకని చెబితే నవ్వాడు. "గా గుట్టల మీద మస్తుంటయి. జర ఎండ ముదరకముందే పోండ్రి." బస్సు దిగి బండల మధ్య మట్టిరోడ్డున నడిచాను.

ఎనిమిదిన్నరకి స్థలం చేరాను. బావగారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "చూశారా బావగారూ, మీరు రాసినట్టే ఒక్క పచ్చకొమ్మ కొట్టనివ్వలేదు. ప్లాను కూడా మార్పించాను!"

నిజమే. వేపలూ సీతాఫలాలూ అన్నీ ఉన్నాయి. మోదుగ లేదు.

బావగారు అటు వెళ్ళగానే మేస్త్రీని అడిగాను.

"గది ఎండిన చెట్టు గద సార్, మొన్న కొట్టినం. తొర్రల మూడు పిల్లలుండె. మా ఇంటామె నూకలు పెట్టింది, తినలే. నిన్న పొద్దుగాల సచ్చినయి."

వాటికి చీమలూ పురుగులూ కావాలి. ఇప్పుడది చెప్పి ఏం లాభం?

పదింటిదాకా అక్కడే కూర్చున్నాను. పిట్టలు రెండూ వచ్చాయి. వేపమానుకి తోక ఆనించి, చుట్టూ తిరుగుతూ పైకెక్కాయి. నేను కదిలితే మాను చాటుకి తప్పుకునేవి. తర్వాత ఆడపిట్ట ఎగిరి, తొర్ర ఉండాల్సిన ఎత్తులో, ఖాళీ గాల్లో రెక్కలు కొట్టుకుంటూ క్షణం ఆగి వేపకి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. అయిదోసారి వచ్చేసరికి చూడలేక తల దించుకున్నాను.

భోజనాల దగ్గర బావగారు "కనిపించాయా?" అని సంబరంగా అడిగారు. కనిపించాయన్నాను.

మధ్యాహ్నం రైల్లో ఏడుపు ఆగలేదు. ఎదురు సీటావిడ సంగతి అడిగి, "ఇంకో చెట్టు చూసుకుంటాయిలెండి" అంది. చూసుకుంటాయేమో, ఆ గుట్టల మీద ఎండిన చెట్టు ఇంకా ఎవరైనా ఉంచితే.

మీరెప్పుడైనా పిట్టల్ని చూడ్డానికి ఆ గుట్టలకి వెళ్తే ఏడింటికల్లా చేరుకోండి. ఎండిన మానులే వెతకండి. గూడు కనబడితే, ఇంటివాళ్ళని చెట్టు కిందికి తీసుకెళ్ళి తొర్ర వేలితో చూపించండి. నేను ఉత్తరం రాసి ఊరుకున్నాను.