దాయి మీద వేసిన నింద

మా మొదటి పిల్లవాడు ఐదు రోజులు బతికాడు. వాడి ప్రాణం తీసింది దాయి అని రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోని తెలుగు ఇళ్లన్నిటికీ చెప్పింది మా అత్తగారు. అడిగినవాళ్లందరి ముందూ అవునని తలూపింది నేను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. మా ఆయన గూడ్సు బండి గార్డు. నేను శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి కాపురానికి వచ్చి ఏడాది దాటలేదు. మా అమ్మ లేదు కనక తొలి పురుడు కూడా అత్తవారింట్లోనే. నాకు హిందీలో నాలుగు కూరగాయల పేర్లు తప్ప ఏమీ రావు. ఇక్కడివాళ్లు ఇళ్లలో మాట్లాడుకునే ఛత్తీస్‌గఢీ అసలే రాదు. అత్తగారు మాత్రం ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న మనిషి.

దాయి అంటే మంత్రసాని. తెలీబంధా చెరువు పక్క గుడిసెల్లో ఉండేది. మోచేతుల దాకా పచ్చబొట్లు. మా క్వార్టర్లలో సగం మంది పిల్లలు ఆమె చేతుల మీదే పుట్టారు. నా పురుడు కూడా సుఖంగానే పోసింది. రెండో రోజు పిల్లవాడి నాలుక మీద రెండు చుక్కల ఆముదం వేసింది. మూడో రోజు పొద్దున వాడు పాలు తాగి కక్కాడు. కక్కింది తెల్లగా లేదు. గోరింటాకు నూరి పిండినట్టు ఆకుపచ్చగా ఉంది.

దాయి ఆ గుడ్డ తీసుకుని వెలుతురులోకి వెళ్లి చూసింది. తిరిగొచ్చి అత్తగారితో గబగబా ఏదో అంది. తరువాత నా మంచం దగ్గరికి వచ్చి, గుడ్డ నా మొహం ముందు ఆడించి, అదే మాట మళ్లీ మళ్లీ అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కళ్లు పెద్దవి చేసి అంటుంటే మంత్రం వేస్తోందనుకుని పిల్లవాడిని కొంగులో దాచుకున్నాను. అత్తగారు ఆమెను బయటికి పొమ్మంది. ఐదో రోజు మధ్యాహ్నం వాడు పోయాడు.

"పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు కదా గుంటడు. అది ఆముదం పోసినాకే పేణం పోనాది," అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నమ్మడానికి అంతకంటే ఏం కావాలి? ఆ తరువాత క్వార్టర్లలో ఎవరూ దాయిని పిలవలేదు. ఒకసారి ఆమె సంతలో ఎదురై నా వైపు రాబోతే నేను అవతలికి దాటి వెళ్లిపోయాను. మా ఆయన ఒక్కరే దాయిని ఏమీ అనలేదు. ఆయన అలా ఊరుకోవడం మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

ఏడాది దాటాక మళ్లీ నెల తప్పింది. ఈసారి పెద్దాసుపత్రిలో పురుడు పోసుకుంటానని పట్టుబట్టాను. మగపిల్లవాడు. నర్సు తుడిచి నా పక్కలో పెట్టిన క్షణం నుంచి నేను కాపలా మొదలుపెట్టాను. వాడి పెదవులకు నా పాలు తప్ప ఏదీ తగలకూడదు. అత్తగారు తేనె సీసా తెస్తే దిండు కింద దాచేశాను. ఆవిడ పిల్లవాడిని ఎత్తుకుని దించాక, పక్కకు తిరిగినట్టు తిరిగి ఆవిడ వేళ్లు వాసన చూశాను. ఆవిడ గమనించింది.

"నా సెయ్యి వాసన సూత్తన్నావా?" అంది. నేను పిల్లవాడిని నా వైపుకు జరుపుకున్నాను.

మూడో రోజు పొద్దున వాడు కక్కాడు. అదే రంగు.

నేను అరవలేదు. గుడ్డ చేత్తో పట్టుకుని అత్తగారి వైపు చూశాను. ఆవిడా నా వైపే చూస్తోంది. "ఏటి తిన్నావు నువ్వు?" అంది మెల్లిగా. "మీరేం పెట్టారు వాడికి?" అన్నాను. పెళ్లయ్యాక ఆవిడకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు.

నర్సు మా ఇద్దరినీ పట్టించుకోలేదు. గుడ్డ చూసిందో లేదో పిల్లవాడిని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. పొట్ట నొక్కి చూశారు. ఎక్స్‌రే ఫొటో తీశారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. తొడల్లో సూదులు గుచ్చి ఉప్పునీళ్లు ఎక్కించారు. ఆపరేషను చేసే పెద్ద డాక్టరు వచ్చి పేగు మూసుకుపోయిందని, వెంటనే పొట్ట కోయాలని చెప్పారు. పక్క మంచం మీది తెలుగావిడ నాకు ఆ మాటలు అర్థమయ్యేలా చెప్పింది. ఈ రెండేళ్లలో నాకూ కాస్త హిందీ పట్టుబడింది.

అత్తగారు నన్ను గోడ దగ్గరికి లాగింది. "మూడు రోజుల గుంటడ్ని కోత్తారా ఎవులైనా? నేర్సుకోడానికి కోత్తారే అమ్మీ. బతికితే ఆలకి పేరు. పోతే మనకి ఏడుపు."

నాకూ అలాగే అనిపించింది. తిరిగి వెళ్లి, ఇంత పసివాళ్లను ఇంతకుముందు కోశారా అని ఆ తెలుగావిడ సాయంతో డాక్టరును అడిగాను. ఆయన కోప్పడలేదు.

"ముగ్గురిని కోశాను. ఒక్కరు బతికారు," అన్నారు.

"ఆ ఇద్దరూ ఎందుకు పోయారు?"

"ఒకడికి పేగు మధ్యలో తయారే కాలేదు, రెండు మొనలూ మూసుకుపోయి ఉన్నాయి. కలిపి కుట్టాను, కుట్టు నిలవలేదు. ఇంకొకడిని ఆలస్యంగా తెచ్చారు. పేగు నల్లబడిపోయింది. బతికినవాడికి మలద్వారం తెరుచుకోలేదు, అది తెరిచాను. నీ కొడుకుది ఏదో కోస్తేగాని తెలియదు. కోయకపోతే మాత్రం పోతాడు."

అబద్ధం చెప్పేవాడైతే ముగ్గురూ బతికారనేవాడు. ఆ ఒక్క ఆలోచన నన్ను నిలబెట్టింది. మా ఆయన తిల్దా స్టేషన్లో ఉన్నారు. బియ్యం మిల్లుల సరుకు ఎక్కేదాకా బండి కదలదు. కాగితం మీద తండ్రి సంతకం కావాలన్నారు. ఆయన ఊళ్లో లేరు కనక నేనే తెలుగులో పెట్టాను. అత్తగారు మొహం తిప్పుకుంది.

ముక్కు మీద గుడ్డ పెట్టి ఈథర్ చుక్కలు వేస్తూ మత్తు ఇచ్చారట. తలుపు సందుల్లోంచి ఆ వాసన వరండాలోకి వచ్చింది. బెంచీ ఆ చివర అత్తగారు, ఈ చివర నేను. మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ.

డాక్టరు బయటికి వచ్చేసరికి మా ఆయన కూడా వచ్చారు. డాక్టరు హిందీలో చెబుతుంటే ఆయన నాకు తెలుగులో చెప్పారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ పేగు ఒక తీరుగా తిరిగి తన చోట కుదురుకోవాలట. వీడి పేగు పూర్తిగా తిరగలేదు. పైగా ఒక పొర దాని మీద అడ్డంగా పట్టేసింది. పట్టు లేని పేగు మెలిపడిపోయింది. డాక్టరు మెలి విప్పి, పొర కోసేశారు. పేగు నీలంగా ఉన్నా కాసేపటికి మళ్లీ ఎర్రబడిందట. రేపటిదాకా ఆగి ఉంటే లాభం లేకపోయేదన్నారు.

"ఎవరైనా ఏదైనా పెడితే ఇలా అవుతుందా?" అని నేనే డాక్టరును అడిగాను.

"పెట్టడానికి వాడు పుట్టాలి కదా. ఇది పుట్టకముందు జరిగింది."

మొదటివాడి సంగతి చెప్పాను. డాక్టరు నా వైపు తిరిగారు. "చూడని పొట్ట గురించి నేనేమీ చెప్పలేను. ఇదే కావచ్చు, వేరేది కావచ్చు. కానీ రెండు చుక్కల ఆముదం ఎవరినీ ఆకుపచ్చగా కక్కించదు."

పిల్లవాడు వెంటనే కోలుకోలేదు. కుట్టు దగ్గర చీము పట్టింది. ఆపరేషనైన ఆరో రోజున చెంచాడు పాలు పడితే కక్కకుండా ఉంచుకున్నాడు. నెల తిరగకముందే ఇంటికి తెచ్చుకున్నాం. పొట్ట మీద అడ్డంగా గీత. బతికాడు.

వాడికి మూడో నెల రాగానే, ఎవరికీ చెప్పకుండా తెలీబంధా వెళ్లాను. దాయి గుమ్మంలో కూర్చుని చేటలో ధాన్యం చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు. రమ్మనలేదు.

"ఇప్పుడేం కావాలి బాయీ? మళ్లీ ఎవరైనా పోయారా?" అంది.

వచ్చీరాని హిందీలో జరిగింది చెప్పాను. పిల్లవాడిని చూపించాను. ఆమె వాడి చొక్కా ఎత్తి గీత చూసింది. ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని చూసింది. తరువాత, రెండేళ్ల కింద నా మంచం దగ్గర అన్న మాట మళ్లీ అంది. "హరియర్ ఉల్టీ కరత్ హే, బడే అస్పతాల్ లే జావ్." ఆకుపచ్చగా కక్కుతున్నాడు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మంత్రం అనుకున్నది అదీ.

"నువ్వు కళ్లు అప్పగించి చూశావు. వద్దంటున్నావనుకున్నాను," అంది.

తప్పు నాదేనన్నాను. ఆమె చేట తిరిగి చేతిలోకి తీసుకుంది. "ఆ మాట మీ క్వార్టర్లలో చెప్పు. నాకెందుకు?"

ఇంటికొచ్చి అత్తగారిని అడిగాను. దాయి ఆసుపత్రి అనలేదా అని. ఆవిడ బియ్యం ఏరుతోంది. కాదంటుందనుకున్నాను.

"అన్నాది," అంది. "నా ఆడపడుచు గుంటడ్ని ఆసుపత్రికి మోసుకెల్తే శవాన్నిచ్చినారు. నాను నమ్మనేదు. నువ్వూ ఇన్నావు కదా, నోరెత్తనేదు. నీకూ ఇట్టం లేదనుకున్నాను."

"నాకు భాష రాదు కదత్తా."

"అది నాకేటి తెలుసు?" అంది. నా మొహం మీద ఏదో వెతుకుతున్నట్టు చూసింది. నేనూ ఆవిడ మొహం మీద వెతికాను. నిజంగా అలా అనుకుందో, ఆ రోజే కల్పించుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

క్వార్టర్లలో మాత్రం చెప్పాను. గుమ్మం గుమ్మానికీ వెళ్లి, తప్పు దాయిది కాదని చెప్పాను. కొందరు విన్నారు. ఒకావిడ నేను గుమ్మం దాటీ దాటకముందే, దాయి దీనికి కూడా మందు పెట్టిందని పక్కింటావిడతో అంది.

మూడో కాన్పులో ఆడపిల్ల. ఆ వారమంతా అత్తగారూ నేనూ ఒకరినొకరం నమ్మకుండానే ఒకే పని చేశాం. పిల్ల కాస్త పాలు కక్కినా ఇద్దరం గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లేవాళ్లం. ముందు ఆవిడ చూసేది, తరువాత నేను చూసేదాన్ని.

"తెల్లగానే ఉన్నాది," అనేది ఆవిడ.

"తెల్లగానే ఉంది," అని నేను గుడ్డ తడిపి ఆరేసేదాన్ని.