పక్క గదిలో టీచరమ్మ

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కంప్యూటరు టీచరమ్మ అంటే చిన్నాపెద్దా అందరికీ తెలుసు. దర్జీ దుకాణం పై అంతస్తులో ఉన్న శిక్షణ కేంద్రంలో, ఆఫీసు పనికి కావలసిన కంప్యూటరు నేర్పేది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా వయసు మళ్లినవాళ్లో, ఉన్న ఉద్యోగం ఊడి కొత్తది వెతుక్కుంటున్నవాళ్లో. మొదటిరోజు మౌసు పట్టుకోమంటే నిజంగానే ఎలుకను పట్టుకోమన్నట్టు ముడుచుకుపోయేవాళ్లు.

ఆమె పాఠం అరుగు మీది కబుర్లలా సాగేది.

"కట్ అంటే సామాను సర్దుకుని ఇల్లు ఖాళీ చెయ్యడం. కాపీ అంటే ఇక్కడి ఇల్లు ఇక్కడే ఉంటుంది, అలాంటిదే అక్కడ ఇంకోటి లేస్తుంది. ఏది చేసినా పేస్ట్ నొక్కేదాకా మీ సామాను నడివీధిలో ఉన్నట్టే. మధ్యలో కబుర్లు పెట్టుకోకండి," అనేది. ఎక్సెల్ దగ్గరికి వస్తే, "ఒక్కో గడికి ఒక చిరునామా. బి వీధిలో నాలుగో ఇల్లు అన్నమాట. ఆ ఇంట్లో అంకె మారిస్తే కింద మొత్తం దానంతటదే మారుతుంది. మీరు వేళ్లు మడిచి మళ్లీ కూడక్కర్లేదు," అనేది.

గొంతు కంచుగంట. కింద మిషను తొక్కుతూనే సగం పాఠాలు వచ్చేశాయని దర్జీ అందరికీ చెప్పుకునేవాడు.

ఆ గొంతుకే జబ్బు చేసింది. ముందు బొంగురుపోయింది. అరిచి అరిచి పోయిందిలే అనుకుంది. తీరా చూపించుకుంటే స్వరపేటికలో గడ్డ ఉందనీ, స్వరపేటికతో సహా తీసెయ్యాలనీ, తీశాక మాట రాదనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక, "ప్రాణం కావాలా, మాట కావాలా అని అడిగినట్టుందండీ," అంది భర్తతో. కరెంటు మీటర్లు బాగుచేసే ఆయన, ఆమె చేతిసంచి తీసుకుని ముందు నడిచాడు.

ఉపాయం చెప్పింది కేంద్రం యజమానే. "స్లైడ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో మాట కూడా రికార్డు చెయ్యొచ్చు కదమ్మా. ఒక్కో స్లైడుకూ మీ పాఠం చెప్పి పెట్టండి. రేపు మీరొచ్చి నొక్కుతూ ఉంటే చాలు."

ఆపరేషన్‌కు ముందు ఖాళీగా ఉన్న తరగతి గదిలో మైకు పెట్టుకుని కూర్చుంది. మనుషుల ముందు తప్ప చెప్పడం అలవాటు లేదు. అందుకని కుర్చీల వైపు చూస్తూ, మనుషులున్నట్టే చెప్పింది. "అర్థమైందా?" అని అడిగి, జవాబు వచ్చేంతసేపు ఆగింది. చివరి వరసలో నవ్వుతున్నది ఎవరని గదమాయించింది. ఏమేం మాట్లాడిందో ఆ కంగారులో ఆమెకే గుర్తులేదు.

కోలుకున్నాక, ఊపిరికోసం మెడలో పెట్టిన రంధ్రం కనబడకుండా రుమాలు కట్టుకుని మళ్లీ పనిలోకి వచ్చింది. మొదటి స్లైడు నొక్కగానే స్పీకర్లోంచి, కాస్త బొంగురుగానే అయినా, ఆ కంచుగంట మోగింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత్తర్వాత అలవాటు పడ్డారు. "అర్థమైందా?" అని గొంతు అడిగితే, అందరూ తెర వైపు చూసి "ఆఁ" అనేవాళ్లు. సరిగ్గా అప్పుడే గొంతు "సరే, పదండి," అనేది. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన సందేహం వస్తే చెయ్యెత్తి తెరనే అడిగేవాడు. ఒకసారి ఆమె పక్కనే వంగి భుజం తట్టేసరికి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, మీరిక్కడే ఉన్నారా అమ్మా! మర్చేపోయాను."

ఇంట్లో ఇంకో చిత్రం. అత్తగారికి చూపు ఆనదు. ఇన్నాళ్లూ కోడల్ని మాటను బట్టే పోల్చుకునేది. సాయంత్రమయ్యేసరికి, "అమ్మాయ్, ఆ పాఠం పెట్టవే. ఇల్లు బోసిగా ఉంది," అనేది. ఇంట్లో లాప్‌టాప్‌లో పాఠం పెడితే పక్కన కూర్చుని ఊకొట్టేది. ఐదేళ్ల కూతురు కూడా నానమ్మ ఒళ్లో చేరేది. ఒకరోజు ఆమె అదే గదిలో కూరలు తరుగుతోంది. కూతురు లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తి, "అమ్మా, చూడు, నానమ్మ నా బొమ్మ ఇవ్వట్లేదు," అని ఫిర్యాదు చేసింది. ఆమె కత్తి పిడితో పళ్లెం మీద తట్టి దగ్గరికి పిలిచింది. పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

"నిన్ను కాదు. అమ్మని."

కత్తి చేతిలోనే ఉండిపోయింది. లాప్‌టాప్ మాత్రం సేవ్‌కూ సేవ్ యాజ్‌కూ తేడా చెబుతూనే ఉంది.

మర్నాడు బస్సు రాలేదు. నడిచి వెళ్లేసరికి ఆలస్యమైంది. మెట్లెక్కుతుంటే పైనుంచి తన గొంతే వినిపించింది. యజమానే పాఠం పెట్టేశాడు. ఆమె గుమ్మంలో ఆగింది. ఎవరూ తల తిప్పలేదు.

"గుమ్మంలో నిలబడ్డవాళ్లు లోపలికి రండి," అంది స్పీకరు. "ఆలస్యమైతే అయింది. వచ్చి కూర్చోండి."

ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర నసిగేవాళ్ల కోసం తానే అన్న మాట అది. అయినా కాళ్లు వాటంతటవే కదిలాయి. చివరి వరసలో ఖాళీ కుర్చీలో కూర్చుంది. కొత్త ఫైలు తెరవమంటే తెరిచింది. పేరు పెట్టమంటే పెట్టింది. "అర్థమైందా?" అని అడిగితే అందరితోపాటు ఆమె పెదవులూ కదిలాయి.

"వినపడలేదు. చివరి వరసవాళ్లు గట్టిగా చెప్పండి!"

గదంతా "ఆఁ" అని అరిచింది. ఆమె నోరు తెరిచింది. మెడ మీది రుమాలు గాలికి కదిలింది తప్ప చప్పుడేమీ రాలేదు.

లేచి ముందుకు నడిచి, స్పీకరు వైరు పీకేసింది. ఆమె వర్డ్‌లో ఖాళీ పేజీ తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి, కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద ఒక్కొక్క అక్షరం వచ్చింది.

నేను ఇక్కడున్నాను.

ఆ మాట పక్కన కర్సరు కొట్టుకుంటోంది. ఆమె ఇంకో మాట కొట్టింది: చదవండి.

ముందు వరసలో కూర్చున్న, ఉద్యోగం ఊడిన ఒక నర్సు మెల్లగా చదివింది. తర్వాతి వాక్యం కండక్టరు అందుకుని, స్టాపు పేరు కేకేసినట్టు చదివాడు. తొందరలో ఆమె తప్పులు కొట్టింది. తప్పు పడింది, ఇప్పుడు కంట్రోలూ జెడ్డూ నొక్కి వెనక్కి తీసుకుంటాను చూడండి, అని కొట్టి నొక్కింది. తప్పుకు బదులు ఆ వాక్యమే మాయమైంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, చప్పుడు లేకుండా.

ఆనాటి నుంచి ఆమె పాఠం అలాగే సాగింది. ఆమె కొడుతుంది, వాళ్లు చదువుతారు. ఇంట్లో కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు కొట్టించడం మొదలుపెట్టింది. అత్తగారు సాయంత్రం వినే పాఠం మాత్రం ఆపలేకపోయింది.

యజమాని కాదనలేదు కానీ, "రికార్డు చెరపకండమ్మా. పక్క గదిలో కొత్తవాళ్లను చేర్చుకుంటున్నా. ఇంకో టీచర్ని పెట్టుకునే స్తోమత నాకు లేదు," అన్నాడు. గోడ అవతల ఆ గొంతు మళ్లీ మొదలైంది. ఒక్కోరోజు రెండు గదుల్లో ఒకే పాఠం పడేది. అప్పుడు ఆమె వేళ్లు ఆగిపోయేవి. తాను కొట్టబోయిన మాటను అవతలి గొంతు చెప్పి దాటిపోయేదాకా కాచుకునేది.

ఒక మధ్యాహ్నం అవతలి గదిలో నేర్చుకునే అమ్మాయి మెట్ల మీద ఎదురై, "మీరూ ఇక్కడే నేర్చుకుంటున్నారా అక్కా?" అని పలకరించింది. "మా టీచరమ్మ ఎంత బాగా చెబుతారో! మనిషి మాత్రం కనబడరు."

ఆమె అవునన్నట్టు తలూపి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.