నాన్న చూసిన సైటు

అప్పట్లో అరసవల్లి రోడ్డులో మందుల షాపు పైన ఒక్క గది ఆఫీసు మాది. లాడ్జీలకూ కళ్యాణమండపాలకూ వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. సైటును జనంలోకి వదిలేముందు మా కంప్యూటర్‌లోనే నడిపి చూసుకోవాలి. ప్రతిదానికీ లోకల్‌హోస్ట్ అనే ఒకే పేరు కొట్టి కొట్టి నాకు విసుగెత్తిపోయింది. మా సారు ఒక ఉపాయం చెప్పారు. హోస్ట్స్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. అందులో మన కంప్యూటర్ నంబరు రాసి, పక్కన నచ్చిన పేరు రాసుకుంటే, ఆ పేరు కొట్టగానే మన సైటే తెరుచుకుంటుంది. కానీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే. పక్క బల్ల మీద కంప్యూటర్‌కి కూడా ఆ పేరు తెలియదు.

చెప్పినంత సులువేం కాదు! సేవ్ చేయబోతే అనుమతి లేదంది. నా కంప్యూటర్‌లో నాకు అనుమతి లేకపోవడమేమిటని ఒళ్లు మండిపోయింది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలని తెలిసేసరికి ఒక పూట గడిచింది. సైటును నడిపే సర్వర్ సెట్టింగుల్లో కూడా అదే పేరు రాసి, సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాను. నేర్చుకోవడానికి పెట్టుకున్న ఆ మొదటి పేరు మానాన్న.టెస్ట్.

నాన్న అప్పుడు గుజరాత్‌లో చేపల వేట బోటు మీద ఉన్నాడు. మా తీరంలో మగాళ్లు చాలామంది అంతే, వానాకాలంలో రైలెక్కితే మళ్లీ ఎండలు ముదిరాకే రావడం. వేట నుంచి ఒడ్డుకొచ్చినప్పుడు ఫోను చేసేవాడు. ముందు అమ్మ, తర్వాత నాయనమ్మ మాట్లాడేవారు. నా వంతు వచ్చేసరికి అక్కడ ఫోనులో బ్యాలెన్సు అయిపోయేది. ఎంత కోపం వచ్చేదో! నాన్నతో తీరిగ్గా మాట్లాడాలని ప్రాణం కొట్టుకునేది. అందుకే ఆ పేజీ మీద ఇసుకలో వల బాగుచేస్తున్న నాన్న ఫొటో పెట్టాను. వెనక రంగు పసుపు, అమ్మ గడపకి రాసే పసుపు. ఇది నాన్న చూడాలని ఒకటే ఆశ.

ఇంటికొచ్చి అమ్మతో ఈ సంగతి అన్నాను. అది అందరికీ కనపడదని చెప్పేలోపే నాన్న ఫోను వచ్చింది, అమ్మ చెప్పేసింది.

"నీ కూతురు ఇంటర్నెట్టులో నీ పేరు ఎట్టీసింది! సూడు మరి!"

తర్వాతి వేట అయ్యాక మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి అమ్మ ఫోను ముందు నా చేతికిచ్చింది.

"సూసినానమ్మా! మా బోటువోడు ఫోన్లో తీసి సూపించినాడు. శానా బాగున్నాది."

అది నా బల్ల మీద తప్ప ఈ లోకంలో ఎక్కడా తెరుచుకోదు. "ఏ రంగు బాగుంది నాన్నా?" అన్నాను.

"ఏ రంగేటి, నీలం. మన సంద్రం రంగే కదా."

"అవును నాన్నా," అన్నాను.

ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. నాన్న అబద్ధమాడినందుకు కాదు, అంత దూరం నుంచి నన్ను మెచ్చుకోవడానికి ఆయనకి ఇంకేమీ దొరకలేదని.

వేసవిలో నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేయించి ఆఫీసుకి తీసుకెళ్లాను. చెప్పులు మెట్ల కిందే విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. పేరు కొట్టాను. తెర నిండా పసుపు. నాన్న ఆ ఫొటో వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇక నిజం బయటపడుతుంది, నాన్న చిన్నబోతాడు అనుకున్నాను.

"ఇదేటమ్మా, రంగు మార్సీసినావా?"

"నిన్ననే మార్సినాను నాన్నా."

"ఇదే బాగున్నాది," అని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

నాన్న పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు నేను విజయనగరంలో పని చేస్తున్నాను. ఏ కొత్త కంప్యూటర్ చేతికొచ్చినా ముందు ఆ పాత పేజీ అందులోకి ఎక్కించి, హోస్ట్స్ ఫైలు తెరిచి ఆ పేరే రాస్తాను. నాన్నా అని పిలవాలనిపించినప్పుడు ఆ పేరు కొడతాను. పసుపు పేజీ తెరుచుకుంటుంది. దాన్ని నిజంగానే నెట్‌లో పెట్టొచ్చు కదా అంటారు తోటివాళ్లు. పెట్టను. దాన్ని బయట నుంచి, నీలం రంగులో, చూసింది మా నాన్న ఒక్కడే.