బొంతలో మూడో అధ్యాయం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఉండేది కాదు. పంతొమ్మిదేళ్ళ వయసులో అందరికీ అంతేనేమో గానీ, నాకు కొంచెం ఎక్కువ. తార్నాకలో అద్దె ఇల్లు, నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా పని, నాకు అక్కడే బి.ఎ. చదువు. క్యాంపస్ క్వార్టర్సులో ఉండే ఒక ప్రొఫెసరుగారి భార్య విదేశంలో కొన్నేళ్ళుండి వచ్చారు. ఆడపిల్లలం ఆవిడను చాటుగా లండనత్త అనేవాళ్ళం. ఆవిడే మాకు కాగితం మీద బొంత కుట్టడం నేర్పారు. కాగితం మీద గీతలు గీసి, కాగితం వెనక గుడ్డముక్కలు పేర్చి, గీతల వెంట కుట్టుకుంటూ పోవాలి. చివరికి కాగితం చింపేస్తే నక్షత్రం తీర్చిదిద్దినట్టు వస్తుంది. నెలాఖరున లేడీస్ క్లబ్ ఎగ్జిబిషన్. నా బొంత అక్కడ గోడకు వేలాడితే చాలు, జన్మ ధన్యమనుకున్నాను.

చిక్కంతా కాగితంతోనే వచ్చింది. ముందు వార్తాపత్రిక వాడాను. ఇస్త్రీపెట్టె తగలగానే సిరా అంతా తెల్లగుడ్డకెక్కి, నక్షత్రం మీద సిమెంటు ధర చదువుకోవచ్చు. పుస్తకాలకు వేసే అట్ట కాగితం వాడితే, దాన్ని చింపేటప్పుడు కుట్లు కూడా ఊడొచ్చాయి. పతంగుల కాగితం సూది తగిలిన చోటల్లా తనంతట తనే చిరిగింది. "యాడ చూసినా కాగితాలే కదే! బొంత కుట్టేదానికి అచ్చాఫీసు పెట్టినావా ఏమి?" అని అమ్మ విసుక్కుంది. (మాది అనంతపురం వైపు. అమ్మ కోపం కూడా అక్కడిదే, ఎండలాగా సూటిగా తగిలేది.) "పల్చగా ఉండాలి, గట్టిగానూ ఉండాలి. సూది దగ్గర దగ్గరగా పడితే చివర్లో సులువుగా చిరుగుతుంది" అన్నారు లండనత్త. అలాంటి కాగితం ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

మా మేడమీది గదిలో చీమల సారు ఉండేవాడు. వరంగల్ దగ్గర రైతుల బిడ్డ. చీమల మీద పరిశోధన చేస్తున్నాడు కాబట్టి ఆ పేరు. నా అవస్థ చూసి జాలిపడ్డాడు. "చెల్లే, కార్బన్ కాపీల కాగితం ఉన్నది నా తాన. మస్తు పల్చగుంటది. బల్ల మీద రెండు కట్టలున్నయ్, ఎడమ దిక్కుది రద్దీ, పారేసేదే. తీస్కపో" అని కాలేజీకి వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలో నిలబడి చూసి ఎడమ వైపు కట్ట తీసుకున్నాను. ఆయన బల్ల వెనక కుర్చీలో కూర్చున్నవాడి ఎడమ చెప్పాడని నాకు తట్టలేదు. అన్నీ తెలిసినదాన్ని కదా, అడగాల్సిన అవసరమేముంది?

ఆ కాగితం దేవుడిచ్చిన కాగితం. అంచులు కత్తిరించి, ఖాళీగా ఉన్న వైపు గీతలు గీసి, అక్షరాలున్న వైపు గుడ్డలు పెట్టి, నాలుగు రోజుల్లో ఇరవైనాలుగు నక్షత్రాలు కుట్టి అన్నిటినీ కలిపేశాను. ఇక కాగితం చింపడమే మిగిలింది. ఎగ్జిబిషన్ మర్నాడనగా చీమల సారు మెట్లు దిగి వచ్చాడు.

"చెల్లే, నా మూడో అధ్యాయం కనిపిస్తలేదు. గైడు సారు దిద్దిచ్చిన కాపీ అది, ఇంకోటి లేదు. నువ్వేమన్న చూసినవా?"

బొంత చూపించాను.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేల మీద కూలబడి, బొంతను తిరగేసి, వేలితో తడిమాడు. పల్చటి కాగితం కాబట్టి అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి, కానీ కుడి ఎడమై. "చింపకు చెల్లే, తునకలైతే ఇగ జమ చెయ్యలేం" అన్నాడు. నేను పరుగెత్తి అమ్మ అద్దం తెచ్చాను. నేను అద్దం పట్టుకుంటే ఆయన చదువుతూ రాసుకున్నాడు. తెల్లముక్కల వెనక చదవగలిగాం, నల్లముక్కల వెనక ఊహించుకున్నాం. "మరి సారు అంచుల మీద ఎర్రసిరాతోని రాసినయ్?" అన్నాడు. అప్పుడు అమ్మ వంటింట్లోంచి, "ఆ పీలికలా? నీళ్ళపొయ్యిలో ఏసినా కదప్పా!" అంది.

మర్నాడు ఎగ్జిబిషన్ వేళకు నేను బొంత చంకన పెట్టుకుని, చీమల సారు వెంట జువాలజీ విభాగం మెట్లెక్కాను. నువ్వు రావద్దన్నాడు. తప్పు నాది, ఆయన ఒక్కడే తిట్లు తింటే ఎలా? గైడుగారు ఏళ్ళ తరబడి ఎవరూ నవ్వగా చూడని మనిషి. "నాదే తప్పండి" అని మొదలుపెట్టి ఏం చెప్పానో నాకే తెలియదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, మా అమ్మ అద్దం చేత్తో పట్టుకుని, బొంతను ఈ చివరనుంచి ఆ చివరకు చదివారు. అరగంట పట్టింది. తర్వాత చీమల సారుతో, "ఇన్నాళ్ళూ నీ రాతలో ఒక పేరాకీ ఇంకో పేరాకీ అతుకు లేదని మొత్తుకున్నాను. ఇప్పుడు బాగా అతికింది" అన్నారు. అని, తనే కలం తీసుకుని, పోయిన దిద్దుబాట్లు మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు.

మేం బయటికొచ్చేసరికి ఎగ్జిబిషన్ బల్లలు మడిచేస్తున్నారు. "చింపమన్నాను గానీ చదవమన్నానా తల్లీ!" అని, సంగతంతా విన్న లండనత్త నవ్వారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. చీమల సారు సంచీలోంచి జేబురుమాలు తీసిచ్చి, "సారు అప్పుడు గట్టిగ రాసినయ్ ఇయ్యాల యాదిలేక మెత్తగ చెప్పిండు చెల్లే. నాకు ఫాయిదానే" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

తర్వాత ఎన్నో బొంతలు కుట్టాను, కొన్ని గోడలకూ ఎక్కాయి. ఇప్పుడు ఎవరైనా ఏదైనా తీసుకోమంటే, ఏది, ఎటువైపుది, ఎంత అని మూడుసార్లు అడిగి వాళ్ళను విసిగించి గానీ ముట్టుకోను. పొరపాట్లు లేవు. కానీ అప్పుడప్పుడు, ఎవరినీ ఏమీ అడగకుండా మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కిన ఆ పిల్ల గుర్తొస్తుంది. కాస్త బుద్ధి చెప్పాలనిపిస్తుంది. చెబితే వినదులే అని ఊరుకుంటాను.